ఇండెంట్ రాసే చెయ్యి

ఒకే పేరుతో పది చోట్ల నడిచే టిఫిన్ హోటళ్లు హైదరాబాద్‌లో ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఏ బ్రాంచిలో తిన్నా సాంబారు ఒకే రుచిగా ఉందంటే, దాని మసాలా ఆ బ్రాంచిలో నూరింది కాదని అర్థం. ఊరి అంచున ఎక్కడో ఒక షెడ్డులో సెంట్రల్ కిచెన్ ఉంటుంది. ఇడ్లీ పిండి, మసాలా ముద్దలు, గ్రేవీలు అక్కడే తయారై తెల్లారకముందే వ్యాన్లెక్కుతాయి. దాన్ని నడిపేవారే కమిసరీ మేనేజర్. హోటల్ మేనేజ్‌మెంట్ చదివే పిల్లలు చెఫ్ కోటు గురించి అడిగినంతగా ఈ పని గురించి అడగరు. ఈ వృత్తిలోనే ఉన్నవాడిగా నాకది బాధగా ఉంటుంది. రేపు ఎంత కావాలో ఈ పూటే చెప్పగలగడం వంట కన్నా తక్కువ విద్యేమీ కాదు.

సాయంత్రానికల్లా బ్రాంచిల నుంచి ఇండెంట్లు, అంటే రేపటికి ఏం ఎంత కావాలో రాసిన చీటీలు, వస్తాయి. సరుకు అయిపోయిందన్న మాట పడటం ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి ప్రతివాళ్లూ కాస్త ఎక్కువే రాస్తారు. పది బ్రాంచిలు తలా అయిదు కిలోలు పెంచితే మర్నాటికి యాభై కిలోల పిండి మిగులుతుంది. అందుకే వచ్చిన అంకెను వచ్చినట్టు వంటగదికి పంపకూడదు. పోయిన వారం ఇదే రోజున ఎంత అమ్ముడైందో చూడాలి, వాన సూచన చూడాలి, పంచాంగమూ చూడాలి. కార్తీకం వస్తే చికెన్ ఆర్డరు తగ్గించి, ఉల్లి, వెల్లుల్లి లేని కూరలు పెంచాలి. రంజాన్ నెలలో సాయంత్రం గిరాకీ తీరే మారిపోతుంది. సంక్రాంతికి జనం ఊళ్లకు పోతారు, వాళ్లతోపాటు మన వంటవాళ్లూ పోతారు. ఇవన్నీ కంప్యూటర్‌లో పాత లెక్కలు తీస్తే కొంత దొరుకుతాయి. పండగ ఒక ఏడాది ముందుకూ ఒక ఏడాది వెనక్కూ జరుగుతుంటుంది కనుక మిగతాది మనిషే ఊహించాలి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పిండి దగ్గర నిలబడటం. మినప్పిండి సరిగ్గా రుబ్బిందీ లేనిదీ చూడటానికి పాత పద్ధతే ఇప్పటికీ వాడతాను. గిన్నెడు నీళ్లలో చిటికెడు పిండి వేస్తే తేలాలి, మునిగితే ఇంకా రుబ్బాలి. పెద్ద గ్రైండర్ తిరిగేకొద్దీ వేడెక్కుతుంది, అందుకే ఎండాకాలం ఐసు నీళ్లు పోస్తాం. మే నెలలో ఆరేడు గంటల్లో పొంగే పిండి డిసెంబరు చలికి రాత్రంతా ఉంచినా కదలదు. పొంగిన వెంటనే కోల్డ్ రూములో పెట్టకపోతే వ్యాన్‌లో కూడా పులుస్తూనే ఉంటుంది. కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో చిక్కుకున్న డబ్బా మూత ఉబ్బి వచ్చిందంటే, ఆ పిండి ఇడ్లీకి పనికిరాదు. డబ్బా నిండా నింపకుండా పైన జాగా వదిలేది అందుకే.

సరుకు దించుకునే చోట మాత్రం మొహమాటం ఉండకూడదు. ‘అన్నా, ఈ ఒక్కసారికి తీసుకోండి, రేపు మంచిది పంపిస్తా’ అని చికెన్ వ్యాన్ డ్రైవర్ బతిమాలుతాడు. నాకు అతని మీద కోపం ఉండదు, తిప్పి పంపితే అతని కూలీ పోతుందేమోనని బాధ కూడా ఉంటుంది. అయినా థర్మామీటర్ 5 డిగ్రీలు దాటి చూపిస్తే తీసుకోను. 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య ఆహారం ఎంతసేపుంటే క్రిములకు అంత అదను. వండిన అన్నం కూడా ఇంతే. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, గోరువెచ్చగా వదిలేసిన అన్నంలో అవి పెరిగి వదిలే ఒక విషం మళ్లీ వేడి చేసినా పోదు. ఇంట్లో అయితే నష్టం ఒక్క కుటుంబానికి, ఇక్కడ పొరపాటు తెల్లారేసరికి పది బ్రాంచిలకు చేరిపోతుంది. ప్రతి బ్యాచికీ నంబరు వేసి, శాంపిల్ తీసి పక్కన పెట్టాలని నేను పట్టుబట్టేది ఈ భయంతోనే.

ఈ దారిలోకి రావాలనుకుంటే హోటల్ మేనేజ్‌మెంట్ ప్రవేశ పరీక్ష ఎన్‌సీహెచ్ఎం జేఈఈ రాసి ఐహెచ్ఎం కాలేజీలో మూడేళ్ల డిగ్రీ చేయొచ్చు. ఫుడ్ టెక్నాలజీ వాళ్లూ, బీకాం వాళ్లూ కూడా వస్తున్నారు. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫోస్టాక్ శిక్షణ తీసుకోండి, ప్రతి 25 మంది పనివాళ్లకూ శిక్షణ పొందిన సూపర్‌వైజర్ ఒకరు ఉండాలన్నది వాళ్ల నియమం. చేరాక మాత్రం పొయ్యి దగ్గర కాకుండా స్టోర్స్‌లో పని అడగండి. ఏ సరుకు ఎంత వచ్చిందో, ఎంత పోయిందో చూపే బిన్ కార్డు రాయండి, పాత సరుకు ముందు వాడటం అలవాటు చేసుకోండి, పది కిలోల ఉల్లిపాయలు మీరే ఒలిచి చేతికి ఎంత వచ్చిందో తూకం వేసుకోండి. 2023 జులైలో టమాటా కిలో వంద దాటి ఎగబాకినప్పుడు, ఏ గ్రేవీలో ఎన్ని గ్రాములు పడుతుందో రాసి పెట్టుకున్నవాళ్లే రుచి చెడకుండా ఖర్చును అదుపులో ఉంచగలిగారు.

ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లను నేను అడిగేది ఒకటుంది: మీ ఇంట్లో నెలకు బియ్యం ఎంత పడుతుంది, చుట్టాలొస్తే ఎంత పెంచుతారు? చాలామంది అమ్మకు తెలుసండీ అంటారు. గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒక అమ్మాయి, ‘పండక్కి అన్నయ్యవాళ్లొస్తే తవ్వెడు ఎక్కువ పోస్తామండీ. మర్నాడు మాత్రం తగ్గిస్తాం, పులిహోర మిగిలే ఉంటుంది కదా’ అంది. ఆ వారమే ఆమెను స్టోర్స్‌లోకి తీసుకున్నాం.