బీరువా తాళం ఎవరి దగ్గర?

మంచి హాస్పిస్ ఏదో చెప్పమని నన్ను అడిగేవాళ్లు ఏటికేడూ పెరుగుతున్నారు. అడిగే ప్రశ్నలు మాత్రం అవే. గదిలో ఏసీ ఉందా? రోజుకు ఎంత తీసుకుంటారు? పెద్ద డాక్టరు ఎన్నింటికి వస్తారు? అవసరమైతే ఐసీయూకి మారుస్తారా? వాళ్లను తప్పుపట్టలేను. మనకు ఆసుపత్రిని ఎంచుకోవడమే తెలుసు. ఆసుపత్రిలో మనం వెతికేది బతికించే శక్తిని. "ఇక చేసేది లేదు, ఇంటికి తీసుకెళ్లి బాగా చూసుకోండి" అని క్యాన్సర్ డాక్టరు చెప్పేశాక మిగిలిన వారాలో నెలలో ఆ మనిషి నొప్పి లేకుండా, ఆయాసం లేకుండా, వీపున పుండ్లు పడకుండా గడపాలి. అది చేయగలిగిన చోటును వెతకడం వేరే పని.

అందుకే ముందుగా ఒక్కటే అడగమంటాను. రాత్రి రెండింటికి నొప్పి లేస్తే మార్ఫిన్ బీరువా ఎవరు తీస్తారు?

ఈ ప్రశ్న నాకు మా పిన్ని దగ్గర పుట్టింది. గర్భాశయ క్యాన్సర్ ఎముకలకు పాకింది. మొదట చేర్చిన చోట నేల అద్దంలా మెరిసేది, గుమ్మంలో పూలకుండీలు ఉండేవి. పగలు అంతా బాగానే నడిచేది. రాత్రి పిన్ని దుప్పటి అంచు కొరుకుతూ ఓర్చుకునేది. డ్యూటీలో ఉన్న కుర్రవాడు మంచివాడే, పాపం. "డాక్టరుగారు పొద్దున వస్తారండీ, తాళాలు ఆయన దగ్గరే" అనేవాడు. ఈలోగా ఒక పారాసిటమాల్ ఇచ్చేవాడు. అలాంటి రాత్రుల తర్వాత ఆమెను అక్కడినుంచి తీసుకెళ్లి వేరేచోట చేర్చాం. అక్కడ గోడలకు సున్నం పెచ్చులూడుతోంది. కానీ రాత్రి నర్సు పిలవకముందే వచ్చేది. పిన్ని మూడోరోజు జడ వేయించుకుని, మనవడి పెళ్లిచూపుల సంగతులు అడిగింది.

దీని వెనక ఉన్న లెక్క తెలిస్తే ఆ ప్రశ్న బరువు అర్థమవుతుంది. మామూలు మార్ఫిన్ మాత్ర పనిచేసేది సుమారు నాలుగు గంటలు. అందుకే దాన్ని నొప్పి వచ్చాక కాకుండా, రాకముందే గడియారం చూసి ఇస్తారు. నొప్పి మధ్యలో ఒక్కసారిగా ఎగదన్నితే ఇవ్వడానికి రోజు మొత్తం మోతాదులో సుమారు ఆరోవంతు అదనంగా ముందే రాసిపెట్టి ఉంచుతారు. అంటే రాత్రి డ్యూటీ నర్సు ఎవరికీ ఫోను చేయకుండా ఆ మాత్ర ఇవ్వగలగాలి. డాక్టరు ముందే రాసి సంతకం పెట్టి ఉండాలి, బీరువా తాళం ఆమె నడుముకు ఉండాలి, ఇచ్చాక రిజిస్టరులో ఆమె రాయాలి. ఈ మూడింటిలో ఏది లేకున్నా అక్కడ రాత్రిపూట హాస్పిస్ లేనట్టే.

తాళం దగ్గర ఇంత భయం ఎందుకో కూడా చెప్పాలి. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం మత్తు వ్యాపారులను అడ్డుకోవడానికి తెచ్చినది. దాని కఠిన శిక్షలు, రాష్ట్రానికో తీరు లైసెన్సులు చూసి బెదిరి చాలా ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచుకోవడమే మానేశాయి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ అనుమతితో, మార్ఫిన్‌కు ముడిసరుకైన నల్లమందు పండుతోంది. నీమచ్, ఘాజీపూర్ ప్రభుత్వ కర్మాగారాల్లో శుద్ధి అయ్యేది అదే. అలాంటి మన దేశంలోనే క్యాన్సర్ రోగులు ఒక మాత్ర లేక అరుస్తూ పోయారు. కేరళకు చెందిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివాళ్లు ఏళ్లతరబడి పోరాడగా 2014లో చట్టం సవరించారు. ఇప్పుడు శిక్షణ పొందిన డాక్టరు, సరైన లెక్కలు ఉన్న సంస్థకు ఔషధ నియంత్రణ శాఖ గుర్తింపు ఇస్తుంది. ఆ గుర్తింపు పత్రం చూపించమని అడగండి. అడగడం మర్యాద తప్పడం కాదు. మంచి చోట అలా అడిగినవాళ్లను చూసి సంతోషిస్తారు, కూర్చోబెట్టి చెబుతారు. "మార్ఫిన్ ఇస్తే అలవాటు పడతారు, అది చివరి దశలోనే" అని ఎక్కడైనా అన్నారంటే చెప్పులు వేసుకుని వచ్చేయండి. నొప్పికి తగిన మోతాదులో వాడే మనిషికి అది మత్తు కాదు. నిద్ర, తిండి, నలుగురితో మాట తిరిగి తెచ్చే మందు.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. నర్సమ్మను పక్కకు పిలిచి, "మార్ఫిన్ మొదలుపెడితే మరి విరేచనం సంగతో?" అనండి. మార్ఫిన్ వేసుకున్నవాళ్లలో ఎక్కువమందికి మలబద్ధకం వస్తుంది. ఎన్ని రోజులు వాడినా అది తగ్గదు. కాబట్టి మొదటి మాత్రతోనే విరేచనం మందు కూడా మొదలుపెట్టాలి. పని తెలిసిన నర్సు మీ మాట పూర్తవకముందే జవాబు చెబుతుంది. తెలియనివాళ్లు "వచ్చినప్పుడు చూద్దాం" అంటారు. ఇంత చిన్న విషయంలో మనిషి శిక్షణ మొత్తం బయటపడుతుంది. నేను వెళ్లిన చోటల్లా ఇదే అడుగుతాను.

నొప్పి ఎంత అన్నది ఎవరిని అడుగుతున్నారో కూడా గమనించండి. కొడుకునా, మంచంలో ఉన్న మనిషినా? సున్నా నుంచి పది దాకా అంకె చెప్పమంటారు. మన పల్లెల పెద్దవాళ్లకు ఆ అంకెలు నోటికి రావు. కానీ "రూపాయికి ఎంత తగ్గిందమ్మా?" అంటే "పావలా తగ్గింది" అని టక్కున చెబుతారు. అలా అడిగే నర్సును ఒకసారి చూశాను. ఆ పావలాను కాగితం మీద అంకెగా మార్చి రాసుకుంది. అరగంట తర్వాత మళ్లీ వచ్చి అడిగింది. ఆ మళ్లీ రావడం ఉందే, దాన్ని ఏ బ్రోచర్‌లోనూ అచ్చువేయలేరు.

పుండ్ల గురించి కొంచెం నిర్మొహమాటంగా చెప్పాలి. కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. మడమలు, తుంటి, వెన్ను దిగువ రోజూ చూడాలి. ఎయిర్ బెడ్ ఉంది కదా అని తిప్పడం మానకూడదు. తిప్పిన వేళలు రాసే కాగితం మంచం దగ్గరే ఉండాలి. దాని మీద గీతలన్నీ ఒకే పెన్నుతో, ఒకే చేత్తో, ఒకేసారి గీసినట్టు ఉంటే అర్థం చేసుకోండి. క్యాన్సర్ గడ్డ పగిలి పుండైనప్పుడు వచ్చే వాసన ఇంకో కష్టం. ఆ వాసనకు జంకి సొంత పిల్లలే గుమ్మం దగ్గర నిలబడిపోతారు. మెట్రోనిడజోల్ మాత్రను పొడిచేసి పుండు మీద చల్లితే వాసన చాలావరకు తగ్గుతుంది. రూపాయల్లో అయిపోయే వైద్యం. తెలిసిన చోట అది చేస్తారు. తెలియని చోట ఫినాయిల్ ఎక్కువ పోస్తారు. కాబట్టి వరండాలో ఫినాయిల్ ఘాటు కొడితే నాకు అది శుభ్రతగా అనిపించదు.

తిండి విషయంలో గొడవ తప్పకుండా వస్తుంది. "ఏమీ తినట్లేదు, కనీసం సెలైన్ పెట్టండి" అని కుటుంబం పట్టుబడుతుంది. అన్నం పెట్టడమే ప్రేమ మన ఇళ్లలో. ఆ ప్రేమకు తినని మనిషి కనబడితే చేతులు కట్టేసినట్టు ఉంటుంది. కానీ చివరి రోజుల్లో శరీరం తిండీ నీళ్లూ తనంతట తానే వద్దంటుంది. అప్పుడు ఎక్కించిన నీళ్లు కాళ్లలో వాపుగా, గొంతులో గురకగా మిగలొచ్చు. అవును సెలైన్ పెడతాం అని బాటిల్ తగిలించి బిల్లు వేసే చోటు సులువు. పక్కన కుర్చీ లాక్కుని కూతురితో పది నిమిషాలు మాట్లాడి, తడిగుడ్డతో పెదవులు ఎలా తుడవాలో, చెంచాడు చారు నాలుక మీద ఎలా వేయాలో చేసి చూపే చోటు అరుదు. ఆ పది నిమిషాలకు ఎక్కడా బిల్లు లేదు. నేను వెతికేది ఆ పది నిమిషాలే.

"ఆయనకు చెప్పకండి" అన్న మాట దగ్గర కూడా హాస్పిస్ ఎలాంటిదో తేలుతుంది. మన ఇళ్లలో రోగం పేరు ఊరందరికీ తెలుస్తుంది, రోగికి తప్ప. పని తెలిసినవాళ్లు అబద్ధం చెప్పరు, మొహాన నిజం విసరనూ విసరరు. "మీకు ఏమని చెప్పారండీ? ఇంకా ఏమైనా తెలుసుకోవాలని ఉందా?" అని ఆయన్నే అడుగుతారు. చాలామంది పెద్దవాళ్లకు అన్నీ తెలుసు. పిల్లలు బాధపడతారని తెలియనట్టు నటిస్తుంటారు.

లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను 1967లో మొదలుపెట్టిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు, తర్వాత ఆసుపత్రి సామాజిక కార్యకర్త, ఆ తర్వాత డాక్టరు. నొప్పి ఒంటిలో మాత్రమే ఉండదని, మనసు, సంసారం, నమ్మకం అన్నీ కలిసే నొప్పి అని ఆమె చెప్పింది. మూడు పనులూ చేసిన మనిషి కనుక ఆ చూపు వచ్చిందనుకుంటాను. మన దగ్గర ఆ మాటకు అర్థం వెతకనక్కర్లేదు. ఎంత మందు ఇచ్చినా నిద్రపోని రైతు ఒకాయన, కౌలు బాకీ సంగతి తమ్ముడు తన మీద వేసుకున్న రాత్రి నిద్రపోయాడు. ఆ తమ్ముణ్ని ఊరినుంచి పిలిపించింది ఆయన ఉన్న హాస్పిస్‌లోని సామాజిక కార్యకర్త. అందుకని అడగండి. డాక్టరు, నర్సు కాక ఇలాంటి పని చేసేవాళ్లు జీతం మీద ఉన్నారా?

ఇక హైదరాబాద్‌లో తరచూ కనబడే ఒక సమస్య. అద్దె ఇళ్లలో చాలామంది యజమానులు శవాన్ని గేటు లోపలికి రానివ్వరు. పోయేలా ఉన్న మనిషిని ముందే ఖాళీ చేయించినవాళ్లూ ఉన్నారు. ఇంట్లోనే ప్రాణం పోవాలని కోరుకునే మనుషులకు ఇల్లే లేకుండా పోతోంది. అలాంటి కుటుంబానికి హాస్పిస్ చికిత్స చేసే చోటే కాదు, కడసారి నలుగురూ చేరి ఏడవగలిగే చోటు కూడా. అక్కడ తులసి నీళ్లు పోయనిస్తారా, ఖురాన్ చదవనిస్తారా, ప్రార్థన చేసుకోనిస్తారా, రాత్రంతా దగ్గర కూర్చోనిస్తారా అన్నవి సేవ లోపలి విషయాలే. పోయాక ఒళ్లు తుడిచి బట్ట మార్చి ఇస్తారా, మరణ ధ్రువపత్రానికి కావలసిన కాగితం తిప్పించకుండా ఇస్తారా అన్నవి కూడా.

ఖర్చు గురించి అడిగేవాళ్లకు ఒక మాట. ఎక్కువ డబ్బు తీసుకునే చోటు ఎక్కువ మంచిది కాదు. ఈ రంగంలో చాలా మంచి పని ఉచితంగానే జరుగుతోంది. ముంబైలో 1986లో మొదలైన శాంతి అవేదనా సదన్ నుంచి ఆ దారి పడింది. బెంగళూరులోని కరుణాశ్రయ, హైదరాబాద్‌లో బంజారాహిల్స్ రోటరీ క్లబ్ 2011లో మొదలుపెట్టిన స్పర్శ్ హాస్పిస్ పైసా తీసుకోకుండా నడుస్తున్నాయి. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రి పాలత్ బృందం వేసిన పునాది మీద తెలంగాణ జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ (ఉపశమన) కేంద్రాలు, ఇంటికే వచ్చే 'ఆలన' వాహనాలు వచ్చాయి. మరోవైపు వృద్ధాశ్రమానికి రంగు వేసి హాస్పిస్ బోర్డు తగిలించినవాళ్లూ ఉన్నారు. వాళ్లను గుర్తుపట్టడానికి "చేరినవాళ్లలో ఎంతమంది తిరిగి ఇంటికి వెళ్తారు?" అని అడిగితే చాలు. మంచి హాస్పిస్ నొప్పి అదుపులోకి తెచ్చి, ఇంట్లోవాళ్లకు మందులూ గొట్టాల సంగతీ నేర్పి, వెళ్లగలిగినవాళ్లను పంపేస్తుంది. ఆ ప్రశ్నకు తెల్లమొహం వేసేవాళ్లకు తాము చేయాల్సిన పనేమిటో తెలియదు.

డాలస్ నుంచి ఫోన్ చేసే కొడుకులు వెబ్‌సైటు ఫొటోలు పంపి ఎలా ఉందో చెప్పమంటారు. వాళ్లు ఉంటున్న అమెరికాలో, ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ ఒక పద్ధతి పెట్టింది. మనిషి పోయిన కొన్ని నెలలకు, దగ్గరుండి చూసుకున్నవాళ్లకు ప్రశ్నల పత్రం వెళ్తుంది. నొప్పికి కావలసిన సాయం అందిందా? సాయంత్రాలు, వారాంతాలు, పండుగ రోజుల్లో పిలిస్తే పలికారా? మీ మాట శ్రద్ధగా విన్నారా? ఆ జవాబుల సారం హాస్పిస్ పేరుతో సహా అందరికీ కనబడేలా పెడతారు. లోపాలు ఆ పద్ధతిలోనూ ఉన్నాయి, లాభం కోసం నడిపే హాస్పిస్‌ల మీద ఫిర్యాదులు అక్కడా తక్కువేం కాదు. అయినా అడగాల్సిన మనిషిని అడుగుతున్నారు. పోయినవాళ్లు చెప్పలేరు కనుక పక్కన కూర్చున్నవాళ్లను అడుగుతున్నారు.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అలా అడిగి పోగుచేసేవాళ్లు నాకు తెలిసి లేరు. ఉన్నంతలో ఆ పని మనమే చేసుకోవాలి. మీరు చూస్తున్న హాస్పిస్‌లో ఈమధ్యే తమవాళ్లను పోగొట్టుకున్న ఇంటిని వెతికి, కొన్నాళ్లు ఆగి, వెళ్లి కూర్చోండి. ఆసుపత్రి బాగుందా అని కాకుండా రాత్రుళ్లు ఎలా గడిచాయని అడగండి. చేర్చేముందు ఒకసారి రాత్రి పదకొండు దాటాక అక్కడికి ఫోను చేసి చూడండి, ఎన్ని రింగులకు ఎవరు ఎత్తుతారో.

ప్రభుత్వాన్నీ ఒకటి అడుగుదాం. జిల్లాకో పాలియేటివ్ కేంద్రం తెరిచాం అన్న లెక్క చాలదు. ప్రతి కేంద్రం నెలకు ఎంత మార్ఫిన్ వాడింది, ఎంతమందికి ఇచ్చింది, ఎన్ని రోజులు నిల్వ లేకుండా ఉంది అన్నది రిజిస్టరులో ఎలాగూ రాయాల్సిందే. ఆ పేజీని నెలనెలా కలెక్టరేట్ నోటీసు బోర్డుకు అంటించమనండి. రోగుల పేర్లు అక్కర్లేదు, ఆ మూడు అంకెలు చాలు. వరుసగా మూడు నెలలు మార్ఫిన్ దగ్గర సున్నా కనబడితే, ఆ జిల్లాలో నొప్పితో ఉన్నవాళ్లు ఎక్కడికి వెళ్తున్నారని జిల్లా వైద్యాధికారిని నిలదీయడానికి మన చేతిలో ఒక కాగితం ఉంటుంది.