మూడో మంచం

ఇనుప మంచమా, నీకు దండం. ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉన్న నా మొదటి బెంగళూరూ, నీకు దండం.

అంత పెద్ద ఊర్లో నాదని చెప్పుకోను దొరికింది నువ్వొక్కదానివే. నీ కింద నా పెట్టె, నీ తలాపున మేకుకు నా తువ్వాల, నీ కాళ్ల దగ్గర మా అమ్మ కట్టిచ్చిన చెనక్కాయల పొడి డబ్బా. అంతే, కాపురం కుదిరింది.

పులివెందులలో రాత్రి బస్సెక్కినవాడికి కదిరి దాటేదాకా నిద్ర రాదు. బాగేపల్లి దగ్గర బోర్డుల మీద అక్షరాలు మారతాయి. తెల్లారేసరికి మెజెస్టిక్. ఒకప్పటి సినిమా హాలు పేరును ఇప్పటికీ మోస్తున్న ఆ చోట, చీనీకాయల సంచి భుజానికి తగిలించుకుని దిగాను. అది 2011 ఆగస్టు. మెట్రో రైలు ఇంకా నడవడం లేదు, ఎంజీ రోడ్డు మీద స్తంభాలు మాత్రం లేచి రైలు కోసం కాచుకుని ఉన్నాయి. ఎంసీఏలో సీటు ఉంది నాకు. పండుకోను చోటు లేదు.

మూడు రోజులు తిరిగాను. మడివాళ సందుల్లో ప్రతి కరెంటు స్తంభానికీ కాగితాలే. టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్. వేడినీళ్లు ఉంటాయి, ఆంధ్రా భోజనం ఉంటుంది, రాత్రి పదింటికి గేటు మూస్తారు. మా ఊర్లో ఎవరింటికి పోయినా అరుగు మీద చాప పరిచేవాళ్లు. మనిషి తల వాల్చే చోటుకు ఇన్ని లెక్కలుంటాయని అక్కడే తెలిసింది. ఒకచోట అడ్వాన్సు కట్టాను. సాయంత్రం పెట్టె తెచ్చుకునేసరికి ఆ మంచం మీద ఇంకెవరో పండుకొని ఉన్నారు. డబ్బడిగితే వచ్చే నెల రమ్మన్నారు. ఆ అయిదు వేలు మా నాయన అరటిగెలలు అమ్మిన దుడ్లు. పిల్లల బెరుకు చూసి అట్లా చేసే వాళ్ల మీద నా కోపం ఇప్పటికీ పోలేదు. పోవాల్సిన పని కూడా లేదు.

నాలుగో పొద్దు నువ్వు కనబడ్డావు. మూడో అంతస్తు, కిటికీ పక్కన మూడో మంచానివి. కూర్చోగానే కిర్రుమన్నావు. మా జేజి మంచం కూడా అట్లాగే పలికేది.

మొదటి మంచం కన్నూరుది. రెండోది ఇంఫాల్‌ది. మూడు ఊర్ల మధ్య నడవను జానెడు దారి. ముగ్గురికీ తెలిసిన భాష ఏదీ ముగ్గురికీ సరిగా రాదు, అయినా ఒక రాత్రి అన్నం దగ్గర అన్నీ మాట్లాడుకున్నాం. మెస్సులో సాంబారు నీళ్లయిన రోజది. నేను చెనక్కాయల పొడి తీశాను. కన్నూరు పిల్లోడు కొబ్బరినూనెలో వేయించిన అరటికాయ చిప్స్ తీశాడు. ఇంఫాల్ పిల్లోడు చిన్న సీసా మూత విప్పి, చెంచా కొసన ఇంతే ఇంత, ఆవగింజంత, నా అన్నం పక్కన పెట్టాడు. ఉమోరోక్ అంటారట వాళ్ల వైపు ఆ మిరపకాయను. సీమ కారం తిని పెరిగిన నా కండ్లల్లో నీళ్లు ధారకట్టాయి. చూస్తే వాడి కండ్లల్లోనూ నీళ్లే. నా పొడి పిడికెడు కలుపుకుని తింటున్నాడు, కారానికి కాదు, వాళ్లమ్మ మతికొచ్చింది. నాకూ అంతే. చిప్స్ తినేవాడు మా ఇద్దరికీ నీళ్లు పోశాడు.

పొద్దున ఆరింటికి కిటికీ కింద చీపురు చప్పుడు. అనంతపురం, చిత్తూరు దిక్కునుంచి కరువులకు వచ్చి నిలబడిపోయిన వాళ్ల బిడ్డలు, మనవరాండ్లు ఎందరో ఆ ఊరి వీధులు ఊడుస్తున్నారు. ఇండ్లల్లో వాళ్లది తెలుగే. దారి అడుగుదామని నేను వచ్చీరాని కన్నడంలో నోరు తెరిస్తే, వాళ్లల్లో ఒకామె చీపురు ఆపి, ‘యా ఊరు నాయనా మీది?’ అంది. బెంగళూరు నన్ను మొదట పలకరించిన మాట అది. అద్దాల మేడలు కట్టినవాళ్లను పొగిడేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఆమెకు మొక్కుతాను.

అక్షరాలు కూడా పలకరించాయి. బస్సు బోర్డు కింద నిలబడి కూడబలుక్కుంటూ ఉంటే, తలకట్టు టిక్కు పెట్టినట్టుంటే మనది, అడ్డగీతలా సాగితే వాళ్లది, తక్కిన ఒళ్లంతా అక్కాచెల్లెండ్ల పోలికే. వారం తిరక్కుండానే ‘మడివాళ’ అని చదివేశాను. మా పక్కనే ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో రేనాటి చోళరాజు ధనంజయుడు వేయించిన శాసనం ఉంది. తెలుగులో దొరికిన తొలి శాసనమని, క్రీ.శ. 575 నాటిదని చెప్తారు. తెలుగు, కన్నడం అప్పట్లో ఒకే లిపిలో ఒదిగి ఉండేవి, వేరు కాపురాలు పెట్టింది తర్వాత ఎన్నో వందల ఏండ్లకు. ఆ రాతి సీమలో పుట్టినవాణ్ని ఈ ఊరి బోర్డులు పూర్తి పరాయివాణ్ని ఎట్లా చేస్తాయి?

మంచమా, నీ ఒంటి మీద కూడా శాసనాలుండేవి. పరుపు ఎత్తి చూసిన రోజు కనబడ్డాయి. పచ్చరంగు గీరి, తాళంచెవి మొనతో రాసినవి. మలయాళంలో ఒకటి, బెంగాలీలో ఒకటి, తమిళంలో ఒక పేరు, దాని కింద పరీక్షల తేదీలు. తెలుగులో ‘కదిరి’ అని ఒక్కటే మాట. నాకంటే ముందు అక్కడ పండుకుని, ఫ్యాను తిరుగుడు చూస్తూ ఇల్లు తలుచుకున్నవాళ్లు వాళ్లంతా.

మూడేండ్లకు గది వదిలే రోజు నేనూ పరుపెత్తాను. ‘కదిరి’ పక్కన బెత్తెడు జాగా ఉంది. తాళంచెవి తీసి పులివెందుల అని రాస్తుంటే, ‘దు’ తలకట్టు దగ్గర పెంకు లేచి రంగు పొట్టు వేలి మీద రాలింది.