వెదురు గీత – చిత్రపటం: కనక్ చిత్రకళలో స్మృతి

న్యూ కలెడోనియా మూలవాసులైన కనక్ ప్రజల సమకాలీన మిశ్రమ మాధ్యమ చిత్రకళను ఆదివాసీ అలంకరణగా పరిగణించడం పరిపాటి. చెక్కిన వెదురుతో ఆ కళకు గల సంబంధాన్ని ఈ దృష్టి విస్మరిస్తుంది. 19వ శతాబ్దపు వెదురు బొంగులపై ఇళ్ళు, అంత్యక్రియలతో పాటు, 1853లో మొదలైన ఫ్రెంచి పాలన తెచ్చిన తుపాకులు, సైనికులు కూడా కనిపిస్తారు. ఆ బొంగును చేత త్రిప్పుతూ చూడాలి. కథ తెలిసినవారు చెబితేనే బొమ్మల క్రమం బోధపడుతుంది. వాటిలో అనేకం నేడు ఐరోపా మ్యూజియంలలో, అద్దాల వెనుక, త్రిప్పే చేయి లేకుండా ఉన్నాయి.

మిషెలిన్ నేపొరోన్ ఆ గీతను వెదురుపైనా, చిత్రపటంపైనా తిరిగి చేపట్టిన కళాకారిణి. అయితే పటంపై కథ ఒక్కసారిగా కళ్ళ ముందు పరచుకుంటుంది. చెప్పేవారి అవసరం తగ్గిపోతుంది. ఇది చిన్న నష్టం కాదు. బెరడు, నార, ఇసుక అతికించినంత మాత్రాన అది పూడదు. అవి కేవలం నేపథ్యపు గరుకుతనంగా మిగిలిపోవచ్చు. గీత తన కథనక్రమాన్ని నిలుపుకొని, చూపును ఒక దృశ్యం నుండి మరొకదానికి నడిపించిన చోటనే పటం వెదురుకు వారసత్వం వహిస్తుంది. 1998లో నుమేయాలో ప్రారంభమైన చిబావు సాంస్కృతిక కేంద్రం కనక్ కళకు స్వస్థలంలోనే వేదిక కల్పించింది. అక్కడ పటం ముందు నిలిచేవారిలో ఆ కథ తెలిసినవారూ ఉంటారు.