బెణుకు మాటున విరుపు: పిల్లల మోకాలి గాయాలు – తెలుగు ఆరోగ్యరచన

1. ప్రవేశిక
కర్నూలు జిల్లా పశ్చిమప్రాంతంలోని హొళగుంద మండలం ఏటా దసరా వేళ దేవరగట్టు బన్ని ఉత్సవంతో వార్తలకెక్కుతుంది. కర్రల సమరంలో గాయపడినవారి లెక్క మరునాడు పత్రికల్లో వస్తుంది. చెట్టుమీదినుంచి పడిన, కబడ్డీలో మోకాలు వాచిన పిల్లల ఊసు మాత్రం ఎక్కడా కనబడదు. ఆ గాయానికి తెలుగులో స్థిరమైన పేరు లేకపోవడం ఇందుకు ఒక కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

2. పేరు కుదరని భాగం
తొడ ఎముక కింది చివర, ముంగాలి ఎముక పై చివర మెత్తని మృదులాస్థి పొర ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే. తొడ ఎముక పెరుగుదలలో దాదాపు 70 శాతం మోకాలి దగ్గరి పొరదే. బాలికల్లో సుమారు 14, బాలురలో సుమారు 16 ఏళ్లకు అది గట్టి ఎముకగా మారుతుంది. అంతవరకు చుట్టూ ఉన్న లిగమెంట్లకన్నా అదే బలహీనం. పెద్దవారిలో లిగమెంటు తెగే దెబ్బకు పిల్లల్లో ఈ పొర విడిపోవచ్చు. దీనిని ‘గ్రోత్ ప్లేట్’ అంటే వైద్యునికే తెలుస్తుంది. ‘వృద్ధి ఫలకం’ అంటే పండితునికే తెలుస్తుంది. ‘పెరిగే పొర’ అంటే తల్లికి తెలుస్తుంది.

3. రెండు వాక్యాలు
‘బెణికింది’ అన్నది మొదటి వాక్యం. ‘ఎక్స్‌రేలో ఏమీ లేదు’ అన్నది రెండవది. సాల్టర్, హారిస్‌లు 1963లో ఈ విరుపులను ఐదు రకాలుగా విభజించారు. పొర పక్కకు జరగని మొదటి రకం ఎక్స్‌రేలో తెలియకపోవచ్చు. పొర నలిగే ఐదవ రకం పెరుగుదల ఆగిన తరువాతే తరచుగా బయటపడుతుంది. వైద్యుని ‘లేదు’కు అర్థం ‘కనబడలేదు’ అని. తల్లి వినేది ‘జరగలేదు’ అని. ఈ తేడాను విడమరచకపోవడమే మన ఆరోగ్యరచనలోని ప్రధానలోపం.

4. నింద – బాధ్యత
పుత్తూరు కట్టువంటి నాటుకట్లను ఆశ్రయించేవారిని మూఢులనడం తేలిక. దూరం, కూలిదినం, ఖర్చు ఆ నిర్ణయంలో ఉన్నాయని గుర్తించడం కష్టం. అయితే ముంగాలి పై చివర విరిగి పక్కకు జరిగితే మోకాలి వెనుక ధమని దెబ్బతినవచ్చు. పాదం చల్లబడినా, తిమ్మిరెక్కినా ఆలస్యం చేయరాదు. ఈ హెచ్చరిక లేని వ్యాసం ఎంత విజ్ఞానం చెప్పినా అసంపూర్ణమే.

కట్టు విప్పడంతో కథ ముగియదు. పొరలో కొంతభాగం ముందే గట్టిపడితే కాలు కురచ అవుతుంది, లేదా వంకర పోతుంది. అందుకే నెలల తరబడి, అవసరమైతే పెరుగుదల ముగిసేవరకు పరీక్షలు కావాలి. ఈ ప్రాంతంలో కుటుంబాలు పిల్లలతో సహా గుంటూరు వైపు సుగ్గికి పోతాయి. ‘ఆరునెలలకు రండి’ అన్న చీటీ ఆ ప్రయాణంలో విలువ కోల్పోతుంది.

5. ముగింపు
‘ఎముక చివర నొక్కితే నొప్పి ఉందా? కాలు మోపగలడా?’ అన్న రెండు ప్రశ్నలు, వలసలోనూ దగ్గరి ఆసుపత్రిలో చూపించుకోవలసిన తేదీ, పెరిగే పొర అన్న పేరు – ఇవి తెలుగులో స్పష్టంగా చేరాలి. పేరు తెలియని గాయాన్ని ఎవరూ ఆసుపత్రికి తీసుకొని రారు.