మూత మీద పుట్టిన తేదీ

డోన్ జంక్షన్‌లో గుత్తి వైపు బండి కోసం కూర్చున్నప్పుడు మా బావ చేతి వాచీ విప్పి నా ఒళ్లో పెట్టాడు. బంగారు ఛాయలో మెరిసే పసుపు డయల్. చుట్టూ సగం నీలం, సగం ఎరుపు అంచు. పక్కన రెండు బటన్లు. వాళ్ల చిన్నాన్న రాయచోటి నుంచి కువైట్ పోయి, మొదటిసారి సెలవుకొచ్చినప్పుడు పెట్టుకొచ్చిన సీకో. "ఎవరో కొంటామంటున్నారు. రేటు సంగతి అట్లుండనీ. ముందు ఇది ఒరిజినలేనా, కాదా? అది చెప్పు బావా" అన్నాడు.

అప్పటి కడప జిల్లా నుంచి కువైట్‌కు పోయిన ఇళ్లలో ఇలాంటి వాచీ కనబడటం వింత కాదు. వాచీల దిగుమతి మీద కట్టుబాట్లున్న ఆ రోజుల్లో టేప్‌రికార్డర్ పక్కనే సీకో వాచీ కూడా గల్ఫ్ పెట్టెలో దిగేది. కానీ ఇది రోజూ చూసే సీకో కాదు. టైము చెప్పడంతో పాటు, బటన్ నొక్కితే టైము కొలిచిపెట్టే క్రోనోగ్రాఫ్. మోడల్ 6139.

1969లో గడియారాల ప్రపంచంలో ఒక పందెం నడిచింది. చేతి కదలికకే కీ ఎక్కే క్రోనోగ్రాఫ్‌ను ముందు ఎవరు తెస్తారన్నదే పందెం. స్విట్జర్లాండ్‌లో జెనిత్ కంపెనీ జనవరిలో తన 'ఎల్ ప్రిమెరో'ను ప్రకటించింది. మార్చిలో హోయర్, బ్రైట్లింగ్, హామిల్టన్-బ్యూరెన్ కలిసి 'క్రోనోమాటిక్' అన్నాయి. జపాన్‌లో సీకో పెద్దగా చప్పుడు చెయ్యకుండా మే నెలకల్లా 6139ను అమ్మకానికే పెట్టేసింది. ముందు ఎవరు అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. పనితనం సంగతికొస్తే మాత్రం ఆ చప్పుడు చెయ్యని వాచీయే నాకు ఎక్కువ నచ్చుతుంది.

ఎందుకో చెప్పాలంటే లోపలికి వెళ్లాలి. పాత క్రోనోగ్రాఫ్‌లలో బటన్ నొక్కితే, తిరుగుతున్న చక్రం పళ్లలోకి ఇంకో చక్రం పళ్లు పక్కనుంచి వచ్చి దూరతాయి. పన్ను పన్నుకు తగిలితే సెకన్ల ముల్లు కదిలేటప్పుడే ఒక ఎగురు ఎగురుతుంది. సీకో వాళ్లు పళ్లను పక్కనబెట్టి, ట్రాక్టర్‌లో క్లచ్ ప్లేటు పనిచేసినట్టు, ఒకే ఇరుసు మీద ఒకదానిపై ఒకటి ఒత్తుకునే బిళ్లలు పెట్టారు. బటన్ నొక్కగానే బిళ్లలు అతుక్కుంటాయి, ముల్లు కుదుపు లేకుండా సాగిపోతుంది. మళ్లీ నొక్కితే విడిపోతాయి. ఆ పట్టు, విడుపు ఎప్పుడన్నది నిర్ణయించేది నిలువు స్తంభాలున్న ఒక చిన్న చక్రం. భూతద్దంలో చూస్తే కర్నూలు కొండారెడ్డి బురుజు పైఅంచులా ఉంటుంది. నొక్కిన ప్రతిసారీ ఒక మెట్టు తిరుగుతుంది. మీట స్తంభం మీదికి ఎక్కితే ఒక పని, సందులోకి దిగితే ఇంకో పని. ఇదంతా గంటకు 21,600 సార్లు, అంటే సెకనుకు ఆరుసార్లు కొట్టుకునే మిషన్‌లో ఇమిడి ఉంది.

ఈ పనితనాన్ని ఒకాయన అంతరిక్షంలో కూడా వాడుకున్నాడు. 1973 నవంబరులో స్కైలాబ్ అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన అమెరికా వ్యోమగామి విలియం పోగ్, తన సొంత పసుపు డయల్ 6139ను వెంట తీసుకుపోయి, 84 రోజుల తర్వాత 1974 ఫిబ్రవరిలో తిరిగొచ్చాడు. అందుకే ఈ రకాన్ని సేకర్తలు 'పోగ్' అంటారు. పేరు వచ్చింది, ధర పెరిగింది. ధర పెరిగిన చోటికి నకిలీ డయళ్లూ, కొత్త అంచులూ నడిచొచ్చాయి. నాలుగు పాత వాచీల భాగాలు కలిపి ఒకటిగా బిగించినవీ వచ్చాయి.

బావ వాచీని డోన్ బజారులో నలభై ఏళ్లుగా చిన్న అద్దాల పెట్టె ముందు కూర్చునే రిపేరు పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాం. ఆయన కంటికి లెన్స్ తగిలించి, డయల్ వైపు చూడకుండా వాచీని బోర్లా తిప్పాడు. మూత మీద 6139-6002 అని ఉంది. మొదటి నాలుగంకెలు మిషన్‌వి, చివరి నాలుగు కేసువి. ఇంకోచోట సీరియల్ నంబరు. అది 38తో మొదలైంది. సీకో పద్ధతిలో మొదటి అంకె సంవత్సరం, రెండోది నెల. ఈ మిషన్ 1969 నుంచి 1970ల చివరిదాకానే తయారైంది కాబట్టి 3 అంటే 1973. 8 అంటే ఆగస్టు. అక్టోబరు, నవంబరు, డిసెంబరులకు అంకె బదులు ఇంగ్లీషు అక్షరాలు ఓ, ఎన్, డి వేస్తారు.

"మూత ఒక్కటీ చూసి నమ్మొద్దప్పా. మూత మార్చడం నిమిషం పని" అన్నాడాయన. అసలు పరీక్ష అక్కడే మొదలైంది. మూత చెప్పిన 1973ను మిగతా భాగాలు ఒప్పుకోవాలి.

డయల్ ముఖం మీదే కిందివైపు, అంచుకు ఆనుకొని, చీమ కాళ్లంత అక్షరాల్లో ఒక నంబరుంటుంది. అందులో కూడా 6139 ఉండాలి. చివరి అంకెలు మూత మీదివాటితో కలవకపోయినా తప్పు కాదు, డయల్‌కు వేరే లెక్క. తొలి వాచీల మీద నీళ్లు చొరబడవని 'ప్రూఫ్' అని రాసేవారు, తర్వాత 'రెసిస్ట్' అన్నారు. డయల్ ఒకటి, మూత ఇంకొకటి చెబితే అనుమానించాలి. బావ వాచీలో రెండిటి మధ్య పేచీ కనబడలేదు.

తర్వాత రంగు. అసలు డయల్ పసుపు ఒకే పసుపు కాదు. మధ్యనుంచి సూర్యకిరణాల్లా సాగిన సన్నని గీతల వల్ల వాచీ తిప్పుతుంటే ఒకపక్క తేనె రంగు, ఒకపక్క నిమ్మపండు రంగు. కొత్తగా ప్రింటు వేసిన డయల్ ఎటు తిప్పినా ఒకేలా మొండిగా చూస్తుంది. ముళ్లకూ గంటల గుర్తులకూ పూసిన, మనవాళ్లు రేడియం అనే మెరుపు మందు ఒకే ఈడుది కావాలి. డయల్ మీద అది మాగిన రంగుకు తిరిగి, ముళ్ల మీద తెల్లగా ఉంటే ముళ్లు నిన్నటివి. అంచులో ఎరుపు సగం వెలిసి గులాబీకి దగ్గరైంది, నీలం బూడిదబారింది. కువైట్ ఎండా డోన్ ఎండా కలిసి వేసిన ఆ రంగును నకిలీ చేయడం కష్టం.

కేసు పైభాగంలో బ్రష్‌తో గీసినట్టుండే సన్నని గీతలు, పక్కన అద్దంలాంటి నునుపు. ఈ రెండూ కలిసే చోట గీత కత్తి అంచులా ఉండాలి. మెరుగు పెట్టించినవాటిలో ఆ అంచు సబ్బుబిళ్లలా కరిగిపోతుంది. ఇందులో గీతలు పడ్డాయి కానీ అంచు కరగలేదు.

చివరగా బటన్లు. పైది నొక్కితే ముల్లు కుదుపు లేకుండా బయలుదేరింది. ఆరు గంటల దగ్గరున్న చిన్న డయల్‌లో నిమిషాలు లెక్కపెట్టే ముల్లు సాగింది. పైదాన్నే మళ్లీ నొక్కి ఆపి, కిందిది నొక్కితే రెండూ టక్కున పన్నెండు మీదికి వచ్చి నిలబడ్డాయి. "క్లచ్ బాగుంది. దీంట్లో తెలియక ఒక చుక్క నూనె వేస్తే జారిపోతుంది, ఎవరూ వేయలేదు" అన్నాడు పెద్దాయన. మూత లోపలివైపు సూదితో గీసిన మూడు గుర్తులు చూపించాడు. ఇదివరకు విప్పిన మెకానిక్‌లు తేదీలు గీసుకున్నారు.

తీర్పు ఇది: గ్లాసు మారింది, పట్టీ మారింది, మిగతాది 1973 ఆగస్టుదే.

తిరుగు ప్రయాణంలో బావ కిటికీ పక్కన కూర్చొని కిలోమీటరు రాయి దగ్గర బటన్ నొక్కాడు, తర్వాతి రాయి దగ్గర ఆపాడు. ముల్లు 45 సెకన్ల మీద నిలిచింది. అంచు మీద దాని ఎదురుగా 80 అని ఉంది, అంటే గంటకు 80 కిలోమీటర్లు. ఆ వాచీ ఇంట్లో ఉన్న ఇన్నేళ్లలో ఆ అంకెలెందుకో ఎవరూ అడగలేదట.

మీ ఇంట్లో కూడా గల్ఫ్ పెట్టెలో దిగిన పాత సీకో ఉంటే ఒక్క మాట వినండి. మెరుగు పెట్టించకండి, డయల్ కొత్తగా వేయించకండి. ఏదైనా భాగం మార్చక తప్పకపోతే, తీసిన పాతదాన్ని కాగితంలో చుట్టించి ఇంటికి తెచ్చుకోండి.