టెస్టరూ, కలమూ

ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడు నేర్పే వర్క్‌షాపులో కాసేపు నిలబడి చూడండి. మనం ఆలోచించకుండా నొక్కే స్విచ్చు వెనక ఎంత సాధన ఉందో అర్థమవుతుంది. అక్కడ వైరు పైతొడుగు తీయడమే ఒక పాఠం. కత్తిని పెన్సిలు చెక్కినట్టు ఏటవాలుగా ఆనించాలి. నిటారుగా పెట్టి చుట్టూ కోస్తే లోపలి రాగి తీగకు గాటు పడుతుంది, గాటు పడ్డచోటే రేపు తెగుతుంది. "నిదానంగా రా, తొందరేం లేదు" అంటూ మేష్టారు నేర్చుకునే కుర్రాడి చెయ్యి పట్టుకుని వాలు సరిచేస్తారు. స్క్రూ బిగించాక వైరును ఒకసారి లాగి చూడమంటారు. 230 వోల్టుల సరఫరా ఆపేశాక కూడా నమ్మవద్దంటారు. ముందు కరెంటున్న చోట టెస్టరు పెట్టి, అది వెలుగుతోందని చూసుకుని, ఆ తర్వాతే పని చేయాల్సిన తీగ దగ్గరికి వెళ్లాలి. చెక్క బోర్డు మీద రెండు టూవే స్విచ్చులతో మెట్లదారి లైటు బిగించి, కింద వేసి పైన ఆర్పినప్పుడు ఆ కుర్రాడి ముఖం చూడాలి! ఎంప్లాయబిలిటీ స్కిల్స్ క్లాసులో అదే చేతితో ఇంగ్లిషు వాక్యాలు రాస్తాడు. ఎందుకంటే ఫ్యాక్టరీలో చేరాక 'మోటారు ఆగింది' అని రాస్తే చాలదు. ఏ మోటారు, ఎన్ని గంటలకు, ఏం మార్చాడు, ఇంకా ఏం మిగిలింది అన్నీ లాగ్‌బుక్కులో ఉండాలి. దాన్ని నమ్మే రాత్రి షిఫ్టు మనిషి ప్యానెల్ తలుపు తెరుస్తాడు. వదులు కనెక్షన్ ఎంత ప్రమాదమో, అక్కడ వదులు వాక్యమూ అంతే. ఆ రెంటినీ బిగించడం నేర్పే మేష్టార్లకు చేతులెత్తి దండం పెట్టాలి.