పాటలోని ‘నేను’ ఎవరు?

పాత్ర పలికిన మాటల్ని రచయితకు అంటగట్టటం మన విమర్శను పట్టి పీడిస్తున్న పాత జాడ్యం. గిరీశం మాటలు గురజాడ అభిప్రాయాలని ఎవరూ అనరు. కాని పాట దగ్గరికి వచ్చేసరికి, ‘నేను’ అని వినపడగానే అది రచయిత గొంతేనని తీర్పు చెప్పేస్తాం. జాతి వివక్ష వస్తువైన పాటల విషయంలో ఈ తొందరపాటు మరీ ఎక్కువ. అమెరికన్ గేయ రచయిత రాండీ న్యూమన్ పాటలు రెండు తీసుకుని ఈ సమస్యను పరిశీలిస్తాను.

1972లో వచ్చిన ‘సెయిల్ అవే’లో మాట్లాడేవాడు బానిసల వర్తకుడు. అమెరికా ఎంత సుఖమైన దేశమో చెప్పి, ఆఫ్రికా జనాన్ని ఓడ ఎక్కమని ఊరిస్తాడు. సంకెళ్ల ప్రసక్తి లేదు, కొరడా ప్రసక్తి లేదు. బాణీ కూడా గంభీరంగా, మధురంగా సాగుతుంది. ఓడ చేరేది చార్ల్స్‌టన్‌కు. ఉత్తర అమెరికాలో బానిసలను దించిన అతి పెద్ద రేవుల్లో అదొకటి. ఈ సంగతి తెలిసిన శ్రోతకు వర్తకుడి ప్రతి తీపిమాటా వంచనగానే వినిపిస్తుంది. వర్తకుడికి జవాబు చెప్పే పని రచయిత చరిత్రకు అప్పగించాడు. అతడు ఏ పక్షాన ఉన్నాడో ఇక్కడ సందేహం లేదు.

1974 నాటి ‘రెడ్‌నెక్స్’ ఇంత తేలికగా తేలదు. 1967 నుంచి 1971 దాకా జార్జియా గవర్నరుగా ఉన్న లెస్టర్ మాడాక్స్ పేరుమోసిన జాత్యహంకారి. 1964లో అట్లాంటాలోని తన భోజనశాలకు వచ్చిన నల్లవారిని తరిమినవాడు. 1970లో ఒక టెలివిజన్ చర్చ మధ్యలో లేచి వెళ్లిపోయాడు. ఆ సంఘటనే ఈ పాటకు ప్రేరణ. మాడాక్స్ తరఫున రోషం తెచ్చుకున్న ఒక దక్షిణాది తెల్లవాడు ఇందులో పాడతాడు. నల్లవారిని కించపరిచే తిట్టు అతని నోట పదే పదే వస్తుంది. చివరకు అతడే ఉత్తరాది నగరాల్లో నల్లవారిని కుక్కిన వాడల పేర్లు ఏకరువు పెడతాడు. దక్షిణాది అహంకారం తన నోటితోనే బయటపడుతుంది. ఉత్తరాది ఉదారవాదుల ఆత్మతృప్తికీ దెబ్బ తగులుతుంది.

అంతమాత్రాన రచయిత నిర్దోషి అని కేసు కొట్టివేయవచ్చునా? ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు అనుకోను. కన్యాశుల్కంలో గిరీశాన్ని నిలదీయటానికి సౌజన్యారావు పంతులున్నాడు. ‘రెడ్‌నెక్స్’లో ఒక్కడిదే గొంతు. వ్యంగ్యం అందని శ్రోత ఆ తిట్టును సరదాగా అందుకుని పాడగలడు. వ్యంగ్యం అందినా, ఆ తిట్టు తినే జాతివాడికి దాని వాడి తగ్గదు. న్యూమన్ తెల్లవాడు. ఆ మాట అతని మీదికి రాదు. ఈ సంగతిని లెక్కలోకి తీసుకోని విమర్శ శిల్పాన్ని మెచ్చుకుని మనిషిని మరిచిపోతుంది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 1927 నాటి ‘షో బోట్’ సంగీత నాటకానికి ఆస్కార్ హామర్‌స్టీన్ రాసిన ‘ఓల్ మాన్ రివర్’లో పాడేవాడు నల్లజాతి కూలీ. రాసిన తెల్లవాడి సానుభూతిని శంకించనక్కరలేదు. అయినా ఆ కూలీ అలసటతో, నిస్సహాయతతో ఆగిపోతాడు. ఆ పాటతో ప్రపంచఖ్యాతి పొందిన పాల్ రోబ్సన్, 1930ల చివరినుంచి కచేరీలలో దాని మాటలు మార్చాడు. నిస్సహాయత ఉన్నచోట పోరాట సంకల్పం పెట్టాడు. రోబ్సన్ తండ్రి బానిసగా పుట్టి, పారిపోయి స్వేచ్ఛ పొందినవాడు. హామర్‌స్టీన్ సానుభూతి ఎక్కడ ఆగిపోయిందో ఆ కొడుకు గుర్తించాడు.

కనుక రచయిత మనసులో ఏముందన్న ప్రశ్న ఒక్కటే చాలదు. దుర్మార్గుడి గొంతుతో రాసినవాడు దుర్మార్గుడు కానక్కరలేదు. పీడితుడి గొంతుతో రాసినంత మాత్రాన పీడితుడి దృక్పథం అబ్బదు. పాట ముగిశాక శ్రోత ఎవరి పక్కన నిలబడి ఉన్నాడు, ఆ పాట బరువు ఎవరి మీద పడింది అన్నవి విమర్శకుడు తేల్చవలసిన విషయాలు.

దొర గొంతుతోనో, అగ్రకుల పెత్తందారు గొంతుతోనో పాట కట్టే మన రచయితలకూ ఇది వర్తిస్తుంది. మన ఉద్దేశం మంచిదేనని మనకు తెలుసు. ఆ తిట్లు తిన్నవారి మధ్య కూచుని ఒకసారి ఆ పాట పాడి, వారేమంటారో విన్న తరువాతే అచ్చుకు ఇవ్వటం మంచిది.